పసిబిడ్డ నెత్తిన హెల్మెట్టు, మన నోటిన మాట



ఈ వారం రాసింది కాస్త కారంగానే ఉంటుంది. చదివి కొందరు నొచ్చుకోవచ్చు. నొచ్చుకోవలసినవాళ్లు నొచ్చుకుంటారనే రాస్తున్నాను.

విశాఖపట్నం హెల్మెట్ల ఊరు. పొద్దున షిఫ్టు వేళ గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా రోడ్డు పక్కన నిలబడి చూడండి. స్టీలు ప్లాంటుకు పోయేవాళ్లు, పోర్టుకు పోయేవాళ్లు, షిప్‌యార్డువాళ్లు, బండి హ్యాండిలుకు ఒక హెల్మెట్టు తగిలించుకుని పోతుంటారు. మన పల్లెల నుంచి తెల్లారకముందే ఆటోలెక్కి కాంట్రాక్టు పనికి పోయే కుర్రాళ్లకూ ఒకటి ఉంటుంది. వాళ్లలో ఎవరి నెత్తిన హెల్మెట్టు చూసినా, వీడి తల్లి ఏ పాపం చేసిందోనని మనం అడగం. అదే ఆరు నెలల పసిబిడ్డ నెత్తిన ఒక హెల్మెట్టు కనబడితే చాలు, ఆడా మగా అందరి కాళ్లూ ఆగిపోతాయి, నోళ్లు తెరుచుకుంటాయి.

"ఏటమ్మా, గుంటడి నెత్తికి ఆ డిప్పేటి?" అని మొదలవుతుంది. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట బయట తిరిగేవేటి?" అనేది రెండోది. ఇవి ఊరి మాటలు. మూడోది మన సంఘం మాట. అది బైబిలు చంకన పెట్టుకుని వస్తుంది. "ప్రార్థన చెయ్యమ్మా, విశ్వాసం ఉంటే ఆ డిప్ప ఎందుకు?" మొదటి రెండింటికన్నా ఈ మూడోదాన్నే తల్లి ఎక్కువ కాలం మోస్తుంది. మొదటి రెండూ ఊరు అన్నది. మూడోది దేవుడే అన్నట్టు ఆమె చెవిన పడుతుంది.

ముందు ఆ డిప్ప ఏమిటో తెలుసుకుందాం. తెలియకుండా మాట్లాడడంలోనే సగం తప్పు ఉంది. పుట్టిన బిడ్డ పుర్రె ఒకే ముక్కగా ఉండదు. కొన్ని ఎముక పలకలు, వాటి మధ్య మెత్తని సందులు. మనం ఆముదం అద్దే మాడు అలాంటి సందే. మొదటి ఏడాదిలో లోపల మెదడు చాలా వేగంగా పెరుగుతుంది, పుర్రె దానితోపాటు సాగుతుంది. బిడ్డ ఎప్పుడూ ఒకే వైపు తల పెట్టి పడుకుంటే, పరుపు ఒత్తిడికి ఆ వైపు చదునైపోతుంది. ఆ వైపు చెవి కాస్త ముందుకు జరుగుతుంది, ఒక్కోసారి నుదురు కూడా ఒకవైపు ఉబ్బినట్టు కనబడుతుంది. నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో వారాలు గడిపినవాళ్లకు, కవలలకు, మెడ కండరం ఒకవైపు బిగిసి పుట్టినవాళ్లకు ఇది ఎక్కువ. చూసేవాళ్లు అనుకున్నట్టు హెల్మెట్టు తలను నొక్కి పిండదు. ఉబ్బిన చోట ఆనుకుని ఉంటుంది, చదునైన చోట ఖాళీ వదులుతుంది. పెరిగే తల ఆ ఖాళీలోకి పెరుగుతుంది. రోజుకు 23 గంటలు పెట్టాలి. మిగిలిన ఒక్క గంట స్నానానికీ, హెల్మెట్టు కడిగి ఆరబెట్టడానికీ. నాలుగో నెలకూ ఏడాదికీ మధ్యే దీని పని. ఏడాది దాటితే ఎముక గట్టిపడిపోతుంది, పెద్దగా లాభం ఉండదు. అందుకే ఆ తల్లిదండ్రులకు మనలా "చూద్దాంలే" అనే తీరిక లేదు.

మా కాలంలో ఇవి ఉన్నాయా అంటారు పెద్దలు. 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పసిబిడ్డలను బోర్లా కాకుండా వెల్లకిలా గానీ పక్కకు గానీ పడుకోబెట్టమని చెప్పింది. 1994 నుంచి దాన్ని దేశమంతా ప్రచారం చేశారు. నిద్రలోనే ఉన్నట్టుండి పోయే పసిప్రాణాలు ఆ దశాబ్దంలో అక్కడ దాదాపు సగానికి తగ్గాయి. ప్రాణాలు దక్కాయి, కొన్ని తలలు చదునయ్యాయి. నన్నడిగితే అది మంచి బేరమే. చదునైన తలకు హెల్మెట్టు వాడవచ్చని స్టెర్లింగ్ క్లారెన్ అనే అమెరికా డాక్టరు 1979లోనే రాశాడు. ఇక మన తల్లులు మొదటినుంచీ బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టేవాళ్లు. మనలో ఎంతమందికి నెత్తి వెనుక పలకలా ఉందో ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోండి. మా కాలంలోనూ ఉంది, ఎవరూ చూడలేదంతే.

ఇప్పుడు పాపం సంగతి. యోహాను సువార్త 9వ అధ్యాయం మనకు కంఠతా వచ్చు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది అచ్చంగా మన వీధి అరుగు మీది ప్రశ్నే. పాపం వీడిదా, కన్నవాళ్లదా? ప్రభువు ఆ రెండింటినీ కొట్టిపారేశాడు. ఆయన కొట్టిపారేసిన ప్రశ్నను మనం ఏరి తెచ్చుకుని, దులిపి, ఒక చంటిబిడ్డ తల్లి ఒడిలో పెడుతున్నాం.

మన భాషలోనే ఈ నేరారోపణ దాగి ఉంది. పెదవి చీలి పుట్టిన బిడ్డను గ్రహణం మొర్రి అంటాం. ఆ పేరు బిడ్డది, ఫిర్యాదు తల్లి మీద. గ్రహణం నాడు నువ్వు బయటికొచ్చావు, కత్తిపీట ముట్టుకున్నావు అని. చంద్రుడి మీద భూమి నీడ పడితే సబ్బవరంలో ఒక గర్భిణి కడుపులో బిడ్డ పెదవి చీలుతుందా? అదే నీడ కింద ఆ రాత్రి తిరిగిన మిగతా గర్భిణుల మాటేమిటి? రాహుకేతువులను వదిలేసి యేసును నమ్ముకున్నామని ఆదివారం సాక్ష్యం చెప్పిన నోటితోనే సోమవారం చంటిపిల్ల తల్లి దగ్గర గ్రహణం లెక్క తీస్తే, ఏది వదిలినట్టు, ఏది పట్టుకున్నట్టు?

పైగా ఎవరూ అడగకముందే ఆ తల్లి తనను తాను నూరుసార్లు అడిగేసి ఉంటుంది. పాలిచ్చేటప్పుడు ఎప్పుడూ ఒకే చేతి మీద ఎందుకు ఎత్తుకున్నాను? ఆసుపత్రి నుంచి వచ్చాక అలసిపోయి నిద్రపోయిన రాత్రుల్లో తల ఎన్నిసార్లు తిప్పలేదు? అర్ధరాత్రి లేచి చీకట్లో నెత్తి తడుముతుంది. అద్దం ముందు బిడ్డను పట్టుకుని రెండు చెవులూ ఒక వరుసలో ఉన్నాయా అని చూస్తుంది. ఆమె లోపలి కోర్టులో తీర్పు ఎప్పుడో వచ్చేసింది. మనం వెళ్లి మళ్లీ సాక్షులుగా నిలబడాలా?

మూడో మాట అనేవాళ్లలో నా తోటి సేవకులు కూడా ఉన్నారు. పేర్లు రాయను. చదివితే వాళ్లకే తెలుస్తుంది. దేవుడు ఇచ్చిన తలను మనిషి దిద్దడమేమిటని వాళ్ల వాదన. అయ్యా, ఆ చదును పరుపు ఇచ్చింది. ఈ వాదన చేసే అయ్యగారి ముక్కు మీద కళ్లజోడు ఉంటుంది, నోట్లో కట్టుడు పళ్లు ఉంటాయి, జేబులో బీపీ మాత్రలు ఉంటాయి. వాటిలో ఏదీ ఆయన విశ్వాసానికి అడ్డు రాలేదు. పసివాడి హెల్మెట్టొక్కటే అడ్డొచ్చింది.

అదే 9వ అధ్యాయం ఇంకొంచెం ముందుకు చదవండి. ప్రభువు ఒక్క మాటతో చూపు ఇవ్వగలవాడు. ఆ రోజు అలా ఇవ్వలేదు. నేల మీద ఉమ్మి, బురద చేసి, కళ్ల మీద పూసి, సిలోయము కోనేటికి వెళ్లి కడుక్కోమన్నాడు. ఆ మనిషి ముఖాన బురదతో యెరూషలేము వీధుల్లో నడిచాడు. దారిలో ఎంతమంది ఆగి చూశారో, ఏమేమి అనుకున్నారో. ఆ బురద అతని అవిశ్వాసానికి గుర్తని ఇంతవరకు ఏ ప్రసంగంలోనైనా విన్నామా? సగం దారిలో సిగ్గుపడి దాన్ని తుడిచేసుకుని, నాకు విశ్వాసం ఉందిలే అనుకుని ఇంటికి పోయి ఉంటే ఏమయ్యేది? హెల్మెట్టు తీసేయమ్మా అని చెప్పే ప్రతి సేవకుణ్ణీ నేను ఇదే అడుగుతున్నాను. జవాబు ఉంటే రాయండి.

మోషే తల్లిని చూడండి. చేతిలో మూడు నెలల బిడ్డ. ప్రార్థన చేసి వట్టి నీళ్ల మీద వదిలేయలేదు. జమ్ము పెట్టె సిద్ధం చేసింది, నీరు చొరబడకుండా జిగటమన్ను, కీలు పూసింది, ఆ తర్వాతే బిడ్డను అందులో పెట్టింది. పెట్టేటప్పుడు ఆమె చేతులు ఎంత వణికాయో నిర్గమకాండంలో రాయలేదు. ఆ బిడ్డను దాచిన తల్లిదండ్రులను మాత్రం హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల వరుసలో నిలబెట్టింది. కీలు అంటిన చెయ్యే విశ్వాసం గల చెయ్యి అయింది. రోజూ పొద్దున్నే హెల్మెట్టు కడిగి, ఆరబెట్టి, ఏడ్చే బిడ్డకు మళ్లీ తొడిగే తల్లి చెయ్యి ఆ చేతికి చెల్లెలే.

ఇంతవరకు చదివి నేను హెల్మెట్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోవద్దు. ప్రతి చదును తలకూ అది అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో 84 మంది పసిబిడ్డలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు హెల్మెట్టు పెట్టారు, రెండో జట్టును వాళ్ల మానాన పెరగనిచ్చారు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం అచ్చయింది. రెండేళ్లు వచ్చేసరికి పూర్తిగా సరైనవాళ్లు మొదటి జట్టులో 39 మందిలో 10 మంది, రెండో జట్టులో 40 మందిలో 9 మంది. తేడా లేనట్టే. కాకపోతే బాగా నెలలు తక్కువగా పుట్టినవాళ్లను, మెడ బిగిసినవాళ్లను అందులో చేర్చలేదు. అటు అమెరికా న్యూరోసర్జన్లు 2016లో, వ్యాయామాలకు తగ్గని గట్టి వంకర ఉంటే హెల్మెట్టు మేలే చేస్తుందన్నారు. మెలకువగా ఉన్నప్పుడు దగ్గర కూర్చుని బోర్లా వేసి ఆడించడం, పడుకునే వైపు మార్చడం, మెడకు వ్యాయామం, వీటితోనే చాలామందికి సర్దుకుంటుంది. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచుకునే జాతి మనది, ఇదేమీ కొత్త విద్య కాదు. పుర్రె సందులు ముందే మూసుకుపోవడం మాత్రం వేరే జబ్బు. దానికి ఆపరేషన్ కావాలి, ఆపరేషన్ తర్వాత కొందరికి హెల్మెట్టు పెడతారు. ఏది ఏదో తేల్చవలసింది పిల్లల డాక్టరు. నా పని కాదు, యూట్యూబు పని అంతకన్నా కాదు.

ఆవాల దిండు పెట్టండి, స్నానంలో అరచేత్తో నొక్కండి అనే పిన్నులకూ అమ్మమ్మలకూ ఒక మనవి. ప్రేమతోనే అంటున్నారు, తెలుసు. కానీ తల గుండ్రంగా చేస్తామని అమ్మే దిండ్ల వల్ల పసిబిడ్డకు ఊపిరాడకపోవచ్చని, అవి వాడొద్దని 2022లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మాడు ఉన్న నెత్తి మీద నొక్కుళ్లు అసలే వద్దు. మరొకటి. డాక్టరు హెల్మెట్టు చెప్పినా డబ్బు కుదరక పెట్టించలేకపోయినవాళ్లు ఉంటారు. వాళ్లను "పెట్టిస్తే బాగుండేది" అని పొడవకండి. పెట్టించిన తల్లినీ అనడమే, పెట్టించని తల్లినీ అనడమేనా?

స్టీలు ప్లాంటులో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన కుటుంబం నాకు తెలుసు. కూతురు అమెరికాలో ఉంది. మనవరాలికి అక్కడ హెల్మెట్టు పెట్టారు. రోజూ వీడియో కాల్ మాట్లాడుకునే ఆ ఇంటికి చాలాకాలం ఆ సంగతే తెలియలేదు. ఎలా తెలియకుండా ఉందంటే, రోజుకు హెల్మెట్టు తీసే ఆ ఒక్క గంటను ఆ అమ్మాయి ఇక్కడివాళ్లు ఫోను చేసే వేళకు జరిపేసింది. బిడ్డకు తీరికగా నీళ్లు పోయవలసిన గంట, నెత్తికి గాలి తగలవలసిన గంట, తల్లి ఆ నెత్తి మీద ముక్కు పెట్టి వాసన చూసుకోవలసిన గంట. అదంతా మన కళ్ల కోసం ఖర్చయిపోయింది. అక్కడి వీధిలో ఆమెకు సిగ్గనిపించలేదు. అక్కడ దుకాణానికి వెళ్తే ఇంకో బిడ్డ నెత్తిన కూడా హెల్మెట్టు కనబడుతుంది. సిగ్గేసింది విశాఖపట్నం ముందు, అమ్మమ్మ పక్కన కూర్చుని ఫోన్లోకి తొంగి చూసే అత్తల ముందు. ఇది విన్న రోజు వచ్చిన కోపం నాకు ఇంకా తగ్గలేదు.

ఇక ఆ తల్లిదండ్రులతో కొంచెం.

అమ్మా, ఏడుపొస్తే ఏడవండి. హన్నా మందిరంలో పెదవులు కదుపుతూ ఏడిస్తే యాజకుడైన ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. యాజకుడు తప్పుగా చదివిన కన్నీళ్లను దేవుడు సరిగ్గా చదివాడు. మీ కన్నీళ్లను ఏ అయ్యగారైనా అవిశ్వాసమని చదివితే ఆయన ఏలీ పక్కన వెళ్లి కూర్చున్నాడనుకోండి. "క్యాన్సర్ పిల్లల్ని చూడు, వాళ్లతో పోలిస్తే ఇదెంత" అంటారు కొందరు. నిజమే, ఇది ప్రాణం మీదికి వచ్చేది కాదు, కొన్ని నెలల్లో తీసేస్తారు. అది మీకూ తెలుసు. తెలిసినా, పుట్టినప్పటినుంచీ చెంప ఆనించుకున్న నెత్తికీ మీకూ మధ్య ఒక గట్టి పెంకు వచ్చింది. దానికి మనసు కొట్టుకోవడం తప్పేమీ కాదు.

మొదటి వారం బిడ్డకన్నా మీకే కష్టం. చెమట పడుతుంది, వాసన వస్తుంది, నిద్ర చెదురుతుంది. మన సముద్రపు ఉక్కలో, మే నెలలో అయితే మరీను. పల్చని నూలు బట్టలు వేయండి, నీడపట్టున ఉంచండి. హెల్మెట్టు తీశాక ఎర్రని గుర్తు గంటయినా పోకపోతే చేసినవాళ్లకు చూపించండి, లోపల సర్దుతారు. చాలామంది పిల్లలు కొద్ది రోజుల్లోనే దాన్ని మరిచిపోయి ఆడుకుంటారు. ఫొటోలు హెల్మెట్టుతోనే తీయండి. తీసేసినప్పుడు మాత్రమే తీస్తే రేపు ఆల్బమ్‌లో బిడ్డ నవ్వడం నేర్చిన నెలలే ఉండవు.

నాన్నలారా, మీరు ఎక్కడున్నారు? డబ్బు తెచ్చి పెట్టి, మాటలు పడే పని భార్యకు వదిలేస్తే ఎలా? నేనెరిగిన ఒక తండ్రి కాంట్రాక్టు కూలీగా ఏళ్ల తరబడి హెల్మెట్టు పెట్టుకుని పని చేస్తున్నాడు. నుదుటి మీద పట్టీ చార శాశ్వతంగా పడిపోయింది. బిడ్డ చెవి వెనుక ఒరిపిడిని ఇంట్లో అందరికన్నా ముందు కనిపెట్టింది అతనే. "అక్కడే కోస్తాది అయ్యగారూ, నాకు తెల్దా" అన్నాడు. అలా పనిలో దిగండి. కడగడం, ఆరబెట్టడం, తొడగడం నేర్చుకోండి. వీధిలోకి మొదటిసారి ఎత్తుకెళ్లేది మీరే కండి. అడిగినవాళ్లకు ఆమెకన్నా ముందు మీరు చెప్పండి. "నెత్తి ఒక పక్క చదునైంది, సరి చేయడానికి పెట్టారు, కొన్ని నెలల్లో తీసేస్తారు." అంతకుమించి ఎవరికీ బాకీ లేరు.

నేను ఇంతగా గొంతు చించుకోవడానికి ఇంకో కారణం ఉంది. హెల్మెట్టు మన పల్లెల్లో అరుదు. వంకర పాదాలతో పుట్టే పిల్లలు అంత అరుదు కాదు, సుమారు వెయ్యి మందిలో ఒకరు. పొన్సెటి అనే డాక్టరు అమెరికాలోని ఐయోవాలో రూపొందించిన పద్ధతిలో వారం వారం పిండికట్టు మారుస్తూ పాదాన్ని తిన్నగా తెస్తారు. ఆ తర్వాత కడ్డీకి బిగించిన బూట్లు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగేళ్లు వచ్చేదాకా నిద్రలో. చూశారా, మళ్లీ అదే 23 గంటలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లలకు వెతికి చూసే ఆరోగ్య సమస్యల్లో ఇదొకటి, చికిత్సకు డబ్బు తీసుకోరు. 1923 నుంచి ఉత్తరాంధ్ర బీదలకు దిక్కైన కేజీహెచ్ మనకు బస్సు దూరంలో ఉంది. ఇన్ని ఉండి కూడా సరైన పాదం మళ్లీ ఎందుకు తిరిగిపోతుంది? ఎక్కువసార్లు, బూట్లు మానేసినందుకు. దూరం, కూలీ పోవడం, బిడ్డ ఏడుపు, ఇవన్నీ కారణాలే. వాటితోపాటు "పసిగుంటకు ఆ సంకెళ్లేటే?" అని అత్తగారు అన్నందుకు, నూనె రాసి ప్రార్థించి "ఇక తీసేయమ్మా, అయిపోయింది" అని ఒక సేవకుడు అన్నందుకు కూడా మానేస్తారు. చదునైన నెత్తి రేపు జుట్టులో దాగుతుంది. తిరిగిపోయిన పాదం ఎక్కడ దాగుతుంది? ఆ మాట అన్నాయన అప్పటికి ఇంకో ఊళ్లో కూటాలు పెడుతుంటాడు. ఆ పిల్ల కుంటుకుంటూ బడికి పోతుంది.

నూనె రాసి ప్రార్థించండి. నేనూ రాస్తాను. బూట్లు కాళ్లకు ఉండగానే, హెల్మెట్టు నెత్తిన ఉండగానే ప్రార్థించండి.

ఈ నెల నుంచి మా మందిరంలో కిటికీ పక్కన, ఫ్యాను కింది వరుస చంటిపిల్లల తల్లులకు వదిలేస్తున్నాం. పెద్దలెవరూ అక్కడ కూర్చోవద్దు. హెల్మెట్టో, కట్టో, కడ్డీ బూట్లో ఉన్న బిడ్డను ఎత్తుకుని ఎవరైనా వస్తే, లేచి చేతులు కడుక్కుని వచ్చి బిడ్డను అందుకోండి. వాళ్లమ్మ ఒక పాటైనా తీరికగా పాడుకుంటుంది. బిడ్డ పేరేమిటని అడగండి. నెత్తి సంగతి ఆమె తనంతట తాను చెబితే వినండి.